తాతగారి సందుగలో క్యాసెట్లు: ఏవి ముందు కాపాడాలి, ఎలా వినాలి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. దేవరకొండలో అమ్మమ్మ వాళ్ల ఇంటి సజ్జ మీది నుంచి తాతగారి రేకు సందుగ దించారు. అందులో రెండు వందల దాకా క్యాసెట్లు, నలభై వరకు గ్రామఫోను రికార్డులు ఉన్నాయి. పాత సామాన్లు కొనే ఆయన అన్నీ కలిపి నాలుగు వేలు ఇస్తానన్నాడు. మీకు కర్ణాటక సంగీతం తెలియదు, అమ్మకు మాత్రం ఇవ్వబుద్ధి కావట్లేదు. అమ్మాలా, ఉంచాలా, ఉంచితే కంప్యూటర్లోకి ఎట్లా ఎక్కించాలి, ఎక్కించాక ఎక్కడి నుంచి వినడం మొదలుపెట్టాలి అని అడిగారు.

నేను నల్లగొండలో ముప్పై ఏళ్లుగా ఈ పిచ్చిలో ఉన్నవాణ్ణి. పాడను, వాయించను. వింటాను, దాచిపెడతాను. కాబట్టి నా మాటను విద్వాంసుడి మాటగా కాకుండా, సందుగలు చాలా చూసినవాడి మాటగా తీసుకోండి.

రికార్డులు అమ్మినా నేను పెద్దగా బాధపడను. క్యాసెట్లు మాత్రం ఎన్ని వేలిచ్చినా ఇవ్వకండి. సామాన్ల ఆయన లెక్క దీనికి తలకిందులుగా ఉంటుంది, ఆయన కన్నంతా రికార్డుల మీదే. మీరు పెట్టిన ఫొటోలో పైన కనిపిస్తున్నది ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ సుప్రభాతం ఎల్పీ. 1963లో వచ్చిన రికార్డు అది, మన వైపు ఊరికి నాలుగిళ్లలో ఉండేది. దాని కింద బాలమురళీకృష్ణ గారి రామదాసు కీర్తనలు, చిట్టిబాబు గారి వీణ. అన్నీ మంచివే. కానీ కంపెనీ దగ్గరి అసలు టేపు నుంచి తీసిన ఆడియో ఈ రోజు ఫోన్లోనే దొరుకుతుంది, మీ గీతలు పడ్డ ప్లేటు కంటే శుభ్రంగా వినిపిస్తుంది. అట్ట మీద తాతగారి సంతకం ఉంటే అది వేరే సంగతి, దాచుకోండి.

క్యాసెట్లలోనూ కంపెనీవి పక్కన పెట్టేయండి. ముద్రించిన అట్ట లేకుండా, చేత్తో రాసిన చీటీ అంటించినవి ఏరండి. ఫొటోలో నాకు మూడు చీటీలు చదవడానికి వీలయ్యాయి: ‘వోలేటి, విజయవాడ, రాత్రి’, ‘గుట్ట 84’, ‘రామనవమి పందిరి, రెండో రోజు’. ఆ మూడింటి కోసమే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

వోలేటి వేంకటేశ్వర్లు గారు కర్ణాటక సంగీత గాయకుడు, 1928లో పుట్టి 1989లో పోయారు. ఉద్యోగమంతా విజయవాడ రేడియోలోనే. కంపెనీలు వేసిన రికార్డులు ఆయనవి చాలా తక్కువ, అందుకే ఆయన పాట మనకు మిగిలిందంటే రేడియో దగ్గరా, రేడియో ముందు కూర్చుని టేపు బటన్ నొక్కిన మీ తాతగారి లాంటి వాళ్ల దగ్గరానే. రేడియో వాళ్ల దగ్గర అన్నీ భద్రంగా ఉంటాయిలే అనుకోవద్దు. మన జిల్లాకు ఒక అదృష్టం ఉండేది. మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్ దగ్గర హైదరాబాదు, ముల్లు కాస్త జరిపితే 837 దగ్గర విజయవాడ, రెండూ పట్టేవి. పొద్దు గూకాక విజయవాడ ఇంకా స్పష్టంగా వచ్చేది. శనివారం రాత్రి అయితే ఢిల్లీ నుంచి జాతీయ సంగీత కార్యక్రమం. అది 1952లో మొదలైంది. నెలకు నాలుగు కచేరీలు ఇంట్లో కూర్చుని ఉచితంగా వినేవాళ్లం. టికెట్టు కొని వినే సభలు మన వైపు ఎన్ని ఉండేవి గనక?

‘గుట్ట’ అంటే యాదగిరిగుట్టే అయి ఉంటుంది. అక్కడో, పందిట్లోనో తాతగారు స్వయంగా మైకు పెట్టి తీసుకున్నది అయితే, ప్రపంచంలో దానికి రెండో కాపీ ఉండకపోవచ్చు. పాడినవాళ్లు పేరున్నవాళ్లు కాకపోవచ్చు, అయినా సరే.

మీరు ఇంకో మాట రాశారు, కొన్ని చీటీలు ఉర్దూలో ఉన్నాయని, ఇంట్లో ఎవరికీ చదవడం రాదని. తాతగారి తరం నిజాం కాలపు బడిలో ఉర్దూ మీడియం చదివింది, లెక్కలూ పద్దులూ ఉర్దూలోనే రాసుకునేది. మా నాయిన చాకలి పద్దు కూడా ఉర్దూలోనే రాసేవాడు. మీ వీధిలో ఎనభై దాటిన వాళ్లను ఎవరినైనా అడగండి, లేదా మసీదు దగ్గర ఉస్తాద్ గారిని. సంవత్సరం మాత్రం మీరే చదువుకోవచ్చు: ఏడు ఇంగ్లిషు ‘వి’ అక్షరంలా, ఎనిమిది దాన్ని తలకిందులు చేసినట్టు, సున్న ఉత్త చుక్కలా ఉంటుంది. మన సున్నలా గుండ్రంగా కనిపించేది ఐదు. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆ ఉర్దూ చీటీల క్యాసెట్లలో హిందుస్థానీ సంగీతం వస్తే ఆశ్చర్యపోకండి. హిందుస్థానీ గాయకుల్లో బడే గులాం అలీ ఖాన్ చివరి రోజులు హైదరాబాదులోనే, 1968లో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్ను మూశారు. పండిత్ జస్‌రాజ్ బాల్యం హైదరాబాదుదే. ఈ ప్రాంతపు పాతతరం శ్రోతకు రెండు సంగీతాలూ ఇంటివే.

ఇక చేయవలసిన పనికి వద్దాం. ముందు ఆ సందుగను సజ్జ మీదికి మళ్లీ ఎక్కించకండి. మన ఎండ సంగతి మీకు తెలుసు, మే నెలలో రేకుల కింద, స్లాబు కింద వేడికి ఎల్పీలు గిన్నెల్లా వంగిపోతాయి. కిందగదిలో, గోడకు ఆనించకుండా, రికార్డులూ క్యాసెట్లూ అన్నీ నిలువుగా నిలబెట్టండి. ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. స్పీకర్ల పక్కనా వద్దు, స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది.

రెండోది, ఆత్రంగా ఇంట్లో ఉన్న పాత టూ-ఇన్-వన్‌లో వేసి చూడకండి. పదేళ్లు మూలన పడ్డ మెషీన్‌లో రబ్బరు చక్రం జిగటగా తయారై టేపును నమిలేస్తుంది. నేను అట్లాగే ఒక ద్వారం వేంకటస్వామినాయుడు గారి వయొలిన్ టేపు పోగొట్టుకున్నాను. ముడతలు తీసి అతికించినా మధ్యలో మూడు సెకన్ల మోహన రాగం ఇప్పటికీ కుంటుతుంది. మంచి స్థితిలో ఉన్న డెక్కు, అంటే క్యాసెట్లు వాయించే మెషీన్, సంపాదించండి. హైదరాబాదు ఎర్రగడ్డ ఆదివారం సంతలో, జుమేరాత్ బజారులో ఒక్కోసారి దొరుకుతాయి, కానీ అక్కడే కరెంటుకు పెట్టి వినకుండా కొనవద్దు. ఇంటికి తెచ్చాక ఇయర్ బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి హెడ్డు, అంటే టేపును తాకి పాటను చదివే లోహపు ముక్కను, తుడవండి. పది క్యాసెట్లకు ఒకసారి మళ్లీ తుడవాలి. క్యాసెట్ పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరగ్గొట్టండి, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరిగిపోదు. 120 నిమిషాల క్యాసెట్లు ఉంటే వాటిని చివరికి ఉంచండి. వాటి టేపు మరీ పలచన, చేయి తిరిగాక ముట్టుకోవాలి.

హెడ్డు పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. తాతగారి టేప్ రికార్డర్ హెడ్డు ఏ వంపులో ఉండి రికార్డు చేసిందో మీ డెక్కు హెడ్డు కూడా ఆ వంపులో ఉంటేనే పాట విచ్చుకుంటుంది. లేకపోతే దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంటుంది. పాట నడుస్తుండగా సన్నని స్క్రూడ్రైవర్‌తో ఆ స్క్రూను వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ, తాళాలో మృదంగం మీది చాపు దెబ్బో చురుగ్గా వినిపించే చోట ఆపండి. ఈ ఒక్క పనితో వచ్చే తేడా తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. ఇది తెలియక చాలామంది ‘పాత టేపు కదా, అట్లాగే ఉంటుంది’ అని వదిలేస్తారు.

డెక్కు వెనక శబ్దం బయటికి ఇచ్చే లైన్-అవుట్ రంధ్రం నుంచి వైరు తీసి, ఒక చిన్న యూఎస్‌బీ ఆడియో బాక్సు ద్వారా కంప్యూటర్‌కు కలపండి. లాప్‌టాప్ మైకు రంధ్రంలో గుచ్చితే శబ్దం పగులుతుంది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు చాలు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో ఎక్కించండి. గంటకు ఒక జీబీ చొప్పున, తొంభై నిమిషాల క్యాసెట్‌కు ఒకటిన్నర జీబీ అవుతుంది. ఫ్లాక్ అనే ఫైలు రకంగా దాస్తే దాదాపు సగానికి తగ్గుతుంది, నాణ్యత పోదు. ఒక టెరాబైట్ డిస్కులో మీ రెండు వందలూ పట్టి ఇంకా మిగులుతుంది. జాగా సమస్య కాదు, కాలమే సమస్య. క్యాసెట్ ఎంతసేపు నడిస్తే అంతసేపూ కూర్చోవాలి. రెండు వందలకు మూడు వందల గంటలు, ఆదివారానికి నాలుగు గంటలు కేటాయించినా ఏడాదిన్నర పడుతుంది. అందుకే చేత్తో చీటీ రాసినవి ముందు అంటున్నాను.

‘షాపులో ఇచ్చేస్తే?’ అంటారు. నేనూ ఇచ్చాను ఒకసారి, పదిహేనేళ్ల కిందట, హైదరాబాదులో ఒక చోట. ముప్పై క్యాసెట్లు సీడీలు చేసి ఇచ్చారు. ఇంటికొచ్చి వింటే రెండు అన్యాయాలు కనిపించాయి. మొదటిది వేగం. వాళ్ల డెక్కు కాస్త తొందరగా తిరిగేది. వేగం ఆరు శాతం పెరిగితే శ్రుతి అర మెట్టు పెరుగుతుంది, ఒకటి శ్రుతిలో పాడిన మగగొంతు ఒకటిన్నరలో, పడుచు గొంతుగా, హడావిడిగా వినిపిస్తుంది. తెలియనివాళ్లు ‘ఆహా ఏం చురుకు’ అంటారు. వేగం సరిచూడటానికి ఒక ఉపాయం ఉంది. పాత రికార్డింగుల్లో కరెంటు హమ్ సన్నగా ఉంటుంది, మన దేశంలో అది 50 హెర్ట్జ్. ఆడాసిటీలో స్పెక్ట్రం, అంటే ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే బొమ్మ, గీయించి చూస్తే ఆ గీత 53 దగ్గర ఉందంటే మీ టేపు ఆరు శాతం వేగంగా తిరుగుతున్నట్టే. మీ డెక్కు సొంత హమ్ కూడా 50 దగ్గరే ఉంటుంది కాబట్టి టేపు ఆపి ఒకసారి, నడుపుతూ ఒకసారి చూడండి.

రెండో అన్యాయం ఇంకా పెద్దది. వాళ్లు ‘నాయిస్ తీసేశాం సార్’ అని గర్వంగా ఇచ్చారు. నిజమే, బుస్సుమనే శబ్దం లేదు. తంబురా కూడా లేదు. ఈ నాయిస్ తీసే సాఫ్ట్‌వేరు పనిచేసే తీరు ఇది: ఎవరూ పాడని ఒక సెకను చూపించి ‘ఇదే నాయిస్’ అని దానికి చెప్పాలి, అది ఆ శబ్దాన్ని మొత్తం టేపులోంచి తీసేస్తుంది. కానీ మన కచేరీలో ఎవరూ పాడని సెకనులో కూడా తంబురా మోగుతూనే ఉంటుంది. తీగ కింద పెట్టే చిన్న దారం వల్ల జుమ్మని లేచే ఆ నాదాన్నే అది చెత్త అనుకుని ఊడ్చేసింది. తంబురా పోయాక గాయకుడు బావిలో ఒంటరిగా నిలబడి పాడుతున్నట్టు ఉంది. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, దాని చివర గొంతు శ్రుతిలో కలిసిపోయే చోట కలవడానికి శ్రుతే లేదు. అసలు క్యాసెట్లు నా దగ్గరే ఉన్నాయి కాబట్టి సరిపోయింది, మళ్లీ నేనే కూర్చుని చేసుకున్నాను.

కాబట్టి మొదటి కాపీ టేపులో ఉన్నది ఉన్నట్టు, బుస్సుతో సహా దాచండి. శుభ్రం చేయాలనిపిస్తే ఆ ప్రయోగాలన్నీ రెండో కాపీ మీద. రేడియో నుంచి తీసినవాటికి ఒక చిన్న వెసులుబాటు ఉంది: మీడియం వేవ్ రేడియోలో సుమారు ఐదు కిలోహెర్ట్జ్ పైన సంగీతం పెద్దగా రాదు, అక్కడ వినిపించేదంతా టేపు బుస్సే. ఏడు ఎనిమిది పైన మెల్లగా తగ్గించుకుంటే నష్టం లేదు. పందిట్లో మైకు పెట్టి తీసిన దాన్ని మాత్రం అట్లా కూడా ముట్టుకోకండి. అందులో కుక్క అరుపు, పిల్లల ఏడుపు, ‘ప్రసాదం అటు పంపండయ్యా’ అన్న కేక, అన్నీ ఉండనివ్వండి.

రికార్డుల గురించి రెండు మాటలు. బరువుగా, గట్టిగా, కింద పడితే పెంకులా పగిలేవి నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు. వాటిని లక్కతో చేస్తారు. వాటిని స్పిరిట్‌తో తుడిస్తే లక్క కరిగిపోతుంది, పాట పోతుంది. తడిగుడ్డ చాలు, మధ్య లేబుల్ తడవకూడదు. వాటి గాడి వెడల్పు, కాబట్టి ఎల్పీ ముల్లుతో వాయించకండి, 78కు వేరే ముల్లు దొరుకుతుంది. ఇంట్లో బూరా ఉన్న కీ గ్రామఫోను ఉంటే దాని మీద ఎల్పీ ఎప్పుడూ పెట్టకండి. ఆ బరువుకు ఒక్కసారికే గాడి దున్నినట్టవుతుంది.

ఎక్కించాక పేర్లు పెట్టే పని ఉంది. సంగీతం రాని మీకు సంగీతం నేర్పేది ఇదే అని నా అనుభవం. ఒక్కో ముక్కకు గాయకులు, వయొలిన్, మృదంగం, కృతి (పాడిన పాట) మొదటి మాట, రాగం, ఎక్కడిది, ఎప్పటిది, చీటీ మీద ఏముంది అన్నవి రాయండి. తెలియనిది ఖాళీగా వదిలేయండి. ఊహించి నింపిన ఒక్క పేరు నలుగురి చేతులు మారేసరికి నిజమైపోతుంది. మొదట్లో అనౌన్సర్ మాటలు కత్తిరించవద్దు, పక్కవాద్యాల పేర్లు చెప్పేది ఆయనే. ఆ పేర్లే సంవత్సరం కూడా చెప్తాయి. వయొలిన్ చౌడయ్య గారైతే 1967కు ముందుది, మృదంగం పాలఘాట్ మణి అయ్యర్ అయితే 1981కి ముందుది. తాతగారు తర్వాత ఎప్పుడో పునఃప్రసారం నుంచి తీసుకుని ఉండొచ్చు, అందుకని పాడిన కాలం వేరే, టేపు కాలం వేరే రాసుకోవాలి.

కృతి ఏదో పట్టుకోవడంలో మీకు ఒక సౌకర్యం ఉంది. త్యాగరాజు, శ్యామశాస్త్రి, రామదాసు, అన్నమయ్య రాసింది మీ భాషలోనే. పల్లవి రెండు మాటలు చెవిన పడితే చాలు, నెట్లో సాహిత్యం దొరుకుతుంది. చివరి చరణంలో ‘త్యాగరాజ’ అనో ‘శ్యామకృష్ణ’ అనో ‘గురుగుహ’ అనో ముద్ర వినిపిస్తే కర్త ఎవరో తెలిసిపోతుంది. గురుగుహ అంటే ముత్తుస్వామి దీక్షితులు, అప్పుడు సాహిత్యం ఎక్కువగా సంస్కృతం. రాగం పేరు వెంటనే పట్టలేదని టెన్షన్ పడకండి, నాకు కాంభోజీ, హరికాంభోజీ తేడా తెలియడానికి నాలుగేళ్లు పట్టింది.

వినడం ఎక్కడ మొదలుపెట్టాలన్నారు. మూడు గంటల కచేరీతో వద్దు, మధ్యలో లేచిపోతారు. 78 రికార్డుతో మొదలుపెట్టండి, పది అంగుళాల ప్లేటుకు వైపుకు మూడు నిమిషాల చిల్లరే పట్టేది. అందులో ఇమడడానికి ఆనాటి విద్వాంసులు రాగాన్ని రెండే రెండు పలుకుల్లో చూపించి కృతిలోకి దిగేవారు. ఒకే కృతిని ఇద్దరి దగ్గర వినండి. నేనైతే ఆభేరిలో ‘నగుమోము గనలేని’ చెప్తాను. ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ 78 రికార్డులో ఆ పాట ఆ రోజుల్లో ఇంటింటా మోగింది, ఇప్పుడు నెట్లోనూ దొరుకుతుంది. ఆయన ‘నా జాలి తెలిసి’ అన్నప్పుడు గొంతు ఎట్లా బతిమాలుతుందో చూడండి. తర్వాత అదే పాట బాలమురళి గారిది పెట్టండి. అక్కడ బతిమాలడం కంటే ఆడుకోవడం ఎక్కువ, పై స్థాయిలో గొంతు గాలిపటంలా తిరుగుతుంది. ఎవరు గొప్ప అని అడక్కండి. నాకు ముసిరి కావాలనిపించే రోజులు వయసుతో పాటు పెరుగుతున్నాయి, అంతే. ఆ తర్వాత శ్రీపాద పినాకపాణి గారి దగ్గరికి వెళ్లండి. పాలమూరు దాటి తుంగభద్ర అవతల, కర్నూలులో డాక్టరుగా ఉంటూ పాడిన, నేర్పిన మనిషి. గాయకుడు నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి ఇద్దరూ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. ముగ్గురినీ వరసగా వింటే మీ తాతగారి చీటీ మీద వోలేటి పేరు ఎందుకు అంత పెద్దగా రాసి ఉందో మీకే అర్థమవుతుంది. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు, అందులో తంబురా, మృదంగం ఎడమ చేయి రెండూ వినిపించవు. ఐదు వందల రూపాయల ఇయర్‌ఫోన్స్ నయం.

నెట్లో పెట్టే ముందు ఒకటి గుర్తుంచుకోండి: సౌండ్ రికార్డింగ్ మీద హక్కు, అది ప్రచురించిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. కంపెనీవి, రేడియోవి ఇంట్లో వినడానికి ఉంచుకోండి, అమ్మకానికి పెట్టకండి. పందిట్లో తీసినవాటికి పాడినవాళ్ల కుటుంబం ఎవరో తెలిస్తే ముందు వాళ్లకు ఒక కాపీ పంపండి. తమ నాయిన గొంతు మొదటిసారి వింటున్నామని ఏడ్చినవాళ్లను చూశాను.

కాపీలు మూడు చేయండి, ఒకటి దేవరకొండలో, ఒకటి మీ దగ్గర హైదరాబాదులో, ఇంకొకటి ఇంకెవరి ఇంట్లోనైనా. డిస్కు చెప్పకుండా పోతుంది, క్యాసెట్ కనీసం కిర్రుమని చెప్పి పోతుంది. ఎక్కించాక కూడా క్యాసెట్లు పారేయకండి.

మీకు డెక్కు దొరికేదాకా ఆగడం కష్టమైతే నల్లగొండ వైపు వచ్చినప్పుడు ఆ మూడు క్యాసెట్లు తెండి, నా దగ్గర మెషీన్ సిద్ధంగా ఉంది. బస్సులో బ్యాగు ఒళ్లో పెట్టుకోండి, ఇంజిన్ పక్కన వద్దు. వోలేటి గారిది సగంలో ఆగి ఉన్నట్టు ఫొటోలో కనిపిస్తోంది, రివైండ్ చేయకుండా అట్లాగే తెండి. తాతగారు చివరిసారి ఎక్కడ ఆపారో అక్కడి నుంచే ముందు విందాం.